బూడిదే సాక్షి

కలప అడితి పక్కన ఇల్లున్నవాళ్లకు ఒకప్పుడు వంటచెరకు దిగులుండేది కాదు. రంపం కింద రాలిన పొట్టును గోనెసంచికెత్తి తెచ్చుకునేవాళ్లు. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి గట్టిగా కూరేవాళ్లు. సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగేస్తే గొట్టంలాంటి ఖాళీ మిగిలేది. కింది కంతలోంచి పుల్ల వెలిగించి పెడితే అంతే, పొట్టు పొయ్యి తయార్. కిటుకంతా కూరడంలోనే ఉండేది. వదులుగా కూరితే సగంలో కూలి ఆరిపోయేది. పొట్టు పచ్చిదైతే ఇల్లంతా పొగ, వండే మనిషికి కళ్ల నీళ్లు. కుదిరిందంటే మాత్రం అన్నం, పప్పు, కూర అయ్యాక స్నానానికి నీళ్లు కూడా కాగేవి. గ్యాసు బండ రావడంతో ఆ డబ్బా అటకెక్కింది.

అదే పొట్టు చలిదేశాల్లో ఇప్పుడు నడింట్లో కొలువుతీరింది. గాజు తలుపు వెనక పసుపుపచ్చని మంట, ముందు సోఫా, చేతిలో రిమోట్. బయట మంచు కురుస్తుంటే ఇల్లు ఇరవై రెండు డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంటుంది. పెల్లెట్ స్టవ్ అంటారు దీన్ని. యూరప్‌లో ఇళ్ల స్టవ్‌లలో పెల్లెట్లను అందరికన్నా ఎక్కువగా కాల్చేది ఇటలీ. అమెరికాలో ఈశాన్య రాష్ట్రాలు, పసిఫిక్ తీరపు వాయవ్య మూల దీనికి పుట్టిల్లు లాంటివి. బోస్టన్ చుట్టుపక్కల, ఇంకా పైకి న్యూహాంప్‌షైర్ వైపు ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకూ పాత యజమాని వదిలివెళ్లిన స్టవ్ ఒకటి ఎదురుకావచ్చు. అక్కణ్నుంచి మొదలవుతుంది అసలు ప్రశ్న: ఇందులో ఏం పొయ్యాలి? హార్డ్‌వేర్ దుకాణం ముందు వరుసగా పేర్చిన సంచులన్నిటి మీదా ‘ప్రీమియం’ అనే ఉంటుంది. ధరల్లో తేడా మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దానికి జవాబు మంట దగ్గర దొరకదు. మంట ఆరాక మిగిలినదాని దగ్గర దొరుకుతుంది.

పెల్లెట్ అంటే ఏమిటో ముందు చూద్దాం. ఇళ్లలో వాడేది సాధారణంగా 6 మిల్లీమీటర్ల లావు, అంటే పెన్సిలు కంటే పిసరంత సన్నం. కొన్నిచోట్ల 8 మిల్లీమీటర్లవీ దొరుకుతాయి. పొడవు 40 మిల్లీమీటర్లు దాటకూడదు. రంపపు పొట్టు, చిత్రిక పట్టిన చెక్కపేళ్లు తెచ్చి, తేమ పది శాతం దగ్గరికి వచ్చేదాకా ఆరబెట్టి, మెత్తగా దంచి, కాస్త ఆవిరి పట్టి, ఉక్కు అచ్చు కంతల్లోంచి వత్తుతారు. జంతికల గొట్టంలో పిండి వత్తడాన్ని కొన్ని వందల రెట్లు బలంగా ఊహించుకుంటే సరిపోతుంది. ఆ ఒత్తిడికి పుట్టే వేడిలో కలపలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడుతుంది. చల్లారాక పాకం గట్టిపడినట్టు బిగుసుకుని పొట్టునంతా పట్టి ఉంచుతుంది. అందుకే మంచి పెల్లెట్లో జిగురు ఉండదు. మొక్కజొన్న గంజి పొడిలాంటివి కలిపినా రెండు శాతానికి మించకూడదని నియమం.

1973 చమురు సంక్షోభం అమెరికా ఇళ్లను వణికించాక కట్టెల వైపు మళ్లీ చూపు మళ్లింది. సియాటిల్లో బోయింగ్ విమానాల కంపెనీలో పనిచేసిన ఇంజినీరు జెర్రీ విట్‌ఫీల్డ్ 1980ల మొదట్లో ఇళ్లకు పనికొచ్చే పెల్లెట్ స్టవ్‌ను రూపొందించాడు. విమానాల మనిషి కాబట్టి గాలి ఎటు నుంచి ఎంత రావాలన్న లెక్క అతనికి బాగా తెలుసు. నేటి స్టవ్‌లన్నీ ఆ లెక్క మీదే నడుస్తున్నాయి.

స్టవ్ లోపలికి ఓసారి తొంగి చూస్తే మిగతా కథంతా దానంతటదే అర్థమవుతుంది. వెనకవైపు ఒకటి రెండు సంచులు పట్టే తొట్టి. దాని అడుగున ఆగర్ అనే మరచుట్ల కడ్డీ మెల్లగా తిరుగుతూ, గుప్పెట్లో పట్టేన్ని పెల్లెట్లను ఎప్పటికప్పుడు ముందుకు తోసి గిన్నెలో పడేస్తుంది. అరచేతి వెడల్పు ఇనుప గిన్నె అది, బర్న్ పాట్ అంటారు. అడుగునా పక్కలా కంతలు. ఫ్యాను తోసే గాలి ఆ కంతల్లోంచే మంటకు అందుతుంది. ఇంకో ఫ్యాను వేడిని గదిలోకి చిమ్ముతుంది. ఎంత వేడి కావాలో థర్మోస్టాట్ చూసుకుంటుంది. కరెంటు పోతే ఇదంతా ఆగిపోతుందన్నది వేరే సంగతి. మంచు తుపాన్లకు తీగలు తెగే ఊళ్లలో అదేమీ చిన్న సంగతి కాదు.

ఇప్పుడు ఆ కంతలు మూసుకుపోయాయనుకోండి. మంటకు గాలి అందదు. పసుపుపచ్చగా చురుగ్గా ఎగరాల్సిన మంట ఎర్రబారి బద్ధకంగా ఊగుతుంది. గాజు నల్లబడుతుంది. సగం కాలిన పెల్లెట్లు గిన్నెలో గుట్టపడతాయి. చివరికి స్టవ్ ఏదో తప్పు కోడు చూపించి ఆగిపోతుంది, అదీ తెల్లవారుజామున నాలుగింటికి. ఇంతకీ ఆ కంతలను మూసేది ఏది? బూడిద.

అందుకే పెల్లెట్ల నాణ్యత చెప్పే అంకెలన్నిటిలో ముందు చూడాల్సింది బూడిద శాతం. యూరప్‌లో ఎన్‌ప్లస్ అనే ముద్ర 2010లో మొదలైంది. ఐఎస్ఓ 17225-2 అనే అంతర్జాతీయ ప్రమాణం దీనికి ఆధారం. ఇందులో ఏ1, ఏ2, బీ అని మూడు తరగతులు. ఏ1 అయితే బూడిద 0.7 శాతం మించకూడదు. ఏ2కి 1.2 శాతం, బీకి 2 శాతం దాకా వదిలారు. ఇంట్లో స్టవ్‌కి ఏ1 తప్ప మిగతావి వద్దు, పెద్ద బాయిలర్లకు వాటిని వదిలేయవచ్చు. అమెరికాలో పెల్లెట్ ఫ్యూయెల్స్ ఇన్‌స్టిట్యూట్ గ్రేడింగు వేరు. అక్కడ ప్రీమియం అంటే బూడిద 1 శాతం లోపు, స్టాండర్డ్ అంటే 2 శాతం లోపు, యుటిలిటీ అంటే 6 శాతం దాకా.

పాయింటు ఏడుకీ రెండుకీ ఏం పెద్ద తేడా అనిపిస్తుంది. లెక్క వేస్తే తెలుస్తుంది. యూరప్ సంచి 15 కిలోలు. 0.7 శాతం బూడిదైతే సంచికి 105 గ్రాములు, అంటే గుప్పెడు. 2 శాతమైతే 300 గ్రాములు. అమెరికాలో సంచి 40 పౌండ్లు, మన లెక్కలో 18 కిలోల పైచిలుకు. 50 సంచులు కలిపితే అక్కడి ఒక టన్ను, మన టన్నుకి దాదాపు వంద కిలోలు తక్కువ. చలికాలానికి మూడు టన్నులు కాల్చే ఇంటిని తీసుకుందాం. బూడిద అర శాతమైతే సీజను మొత్తానికి 14 కిలోల దాకా ఎత్తిపోయాలి. రెండు శాతమైతే 54 కిలోలు. అంత బూడిదా గిన్నె కంతల మీదుగానే కిందికి రాలాలి. ఒకరు వారానికోసారి శుభ్రం చేసుకుంటే, ఇంకొకరు రోజూ పొద్దున్నే గరిట పట్టుకుని కూర్చోవాల్సిందే.

బూడిద ఎక్కడిది? బెరడు తీసిన శుభ్రమైన కలపలో దాని వాటా అర శాతం కూడా ఉండదు. బెరడులో అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. అడవిలో దుంగలను నేల మీద ఈడ్చుకొస్తే అంటుకునే మట్టి, ఇసుక కూడా బూడిదే. కోత మిల్లులో పొట్టు దండిగా దొరికినన్నాళ్లు తయారీదారుకి ఈ బాధ ఉండదు. ఇళ్ల నిర్మాణం మందగించి మిల్లులు నెమ్మదిస్తే పొట్టు కరువవుతుంది. అప్పుడు బెరడు, కొమ్మలు, ఇంకా దిగజారితే పాత ఫర్నిచర్ ముక్కలు మిల్లులోకి వచ్చే ప్రమాదం ఉంది. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ చెక్కల్లో యూరియా జిగురు ఉంటుంది కాబట్టి అవి కలిస్తే నైట్రోజన్ పెరుగుతుంది. ఏ1 పెల్లెట్లలో నైట్రోజన్ 0.3 శాతం మించకూడదన్న నిబంధన ఉంది కనుక కల్తీ ప్రయోగశాలలో దొరికిపోతుంది. క్లోరిన్‌కి పెట్టిన హద్దు మరీ తక్కువ, 0.02 శాతం. అది మించితే స్టవ్ లోపలి ఇనుమును, పొగగొట్టాన్ని తినేస్తుంది.

ఎంత బూడిద అన్నదే కాదు, ఎలాంటి బూడిద అన్నదీ చూడాలి. మెత్తటి పొడి బూడిదను గాలి ఎగరగొట్టేస్తుంది. కొన్ని బూడిదలు మాత్రం గిన్నెలోని వేడికి కరిగి, చల్లారి, రాయిలా గట్టిపడతాయి. కమ్మరి కొలిమి దగ్గర ఇనుప చిట్టెం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. గాజుముక్కలా మెరిసే నల్లటి గడ్డ కంతలకు అతుక్కుపోతుంది. గరిటకు రాదు, స్క్రూడ్రైవరు పెట్టి పెకలించాలి. ఇసుకలోని సిలికా, మొక్కల్లోని పొటాషియం కలిసినచోట బూడిద తక్కువ వేడికే కరుగుతుంది. అందుకే ఏ1 రకానికి బూడిద 1200 డిగ్రీల సెంటీగ్రేడు దాటాకే కరగడం మొదలవాలన్న షరతు పెట్టారు.

తెలుగునాట ఈ మాట చెప్పగానే ‘మరి మన ఊక సంగతో’ అన్న ప్రశ్న వస్తుంది. నిజమే, ఇక్కడా పెల్లెట్లు తయారవుతున్నాయి. బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో బొగ్గుతోపాటు పంట వ్యర్థాల పెల్లెట్లనూ కొంత కాల్చాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021లో విధానం తెచ్చింది. పత్తి కట్టె, వేరుశెనగ పొట్టు, వరిగడ్డి అన్నీ దానికి పనికొస్తాయి. కానీ వరి ఊక కాలిస్తే 15 నుంచి 20 శాతం దాకా బూడిదే మిగులుతుంది, అందులో ఎక్కువ పాలు సిలికా. టన్నుల కొద్దీ బూడిదను ఎత్తిపోసే ఏర్పాటున్న విద్యుత్ కేంద్రం దాన్ని తట్టుకుంటుంది. అరచేతి వెడల్పు గిన్నె తట్టుకోలేదు. గంట గడవకముందే ఆరిపోతుంది. పెల్లెట్ అన్న పేరు ఒకటే, పనులు వేరు.

ఇక దుకాణాల్లో నడిచే వాదాల్లో పెద్దది ‘ఏ చెట్టుది?’ అన్నది. ఓక్, మేపుల్ లాంటి గట్టి కలప పెల్లెట్లు గొప్పవని, పైన్ లాంటి మెత్తటి కలప పెల్లెట్లు మసి పట్టిస్తాయని చాలామంది నమ్మకం. ఈ నమ్మకం కట్టెల పొయ్యి నాటిది. తుమ్మ మొద్దుకీ మునగ కొమ్మకీ తేడా తెలిసిన మనవాళ్లకూ అది సహజంగానే అనిపిస్తుంది. కట్టెగా కాల్చేటప్పుడు అది నిజమే, గట్టి చెక్క బరువు ఎక్కువ, కాబట్టి ఎక్కువసేపు కాలుతుంది. పెల్లెట్ల విషయంలో మాత్రం ఆ తేడా యంత్రం దగ్గరే పోయింది. ఏ చెట్టు పొట్టునైనా ఒకే గట్టితనానికి వత్తేస్తారు. పైగా కొనేది కిలోల లెక్కన. కిలోకి కిలో చూస్తే చెట్టు బంక, లిగ్నిన్ ఎక్కువున్న పైన్, స్ప్రూస్ జాతులే కాస్త ఎక్కువ వేడినిస్తాయి, బూడిద కూడా తరచూ తక్కువే. మసి అంటారా, కొలిచి గాలి పంపే స్టవ్‌లో ఆ బంక మొత్తం కాలిపోతుంది. కాబట్టి ‘నూరు శాతం ఓక్’ అని సంచి మీద పెద్దక్షరాలు చూసి అదనంగా చెల్లించాల్సిన పని లేదు.

రంగుదీ ఇదే కథ. తెల్లగా ఉంటే మంచిదని, ముదురు రంగైతే బెరడు కలిసిందని అంటారు. బెరడు కలిస్తే రంగు ముదిరేది నిజం. అయితే ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైనా, చెట్టు జాతి మారినా రంగు మారుతుంది. పెళ్లికూతురి రంగు చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టుంటుంది రంగుతో పెల్లెట్లు ఎంచడం.

వేడి సంగతి కూడా చెప్పుకుందాం. కరెంటు బిల్లులో యూనిట్ అంటే అందరికీ తెలుసు. ఏ1 పెల్లెట్లు కిలోకి కనీసం 4.6 యూనిట్ల వేడి ఇవ్వాలి. రెండు కిలోల పెల్లెట్లు దాదాపు ఒక లీటరు హీటింగ్ ఆయిలుకు సమానమన్నది యూరప్‌లో అందరూ వాడే కొండగుర్తు. అమెరికా లెక్కలో ఒక టన్ను పెల్లెట్లు సుమారు 120 గ్యాలన్ల ఆయిలుకి సాటి. సగానికిపైగా ఇళ్లు ఆయిలుతోనే వెచ్చబడే మెయిన్ రాష్ట్రంలో ఏటా అక్టోబరు రాగానే ఈ లెక్క వేసుకునేవాళ్లు చాలామంది. కానీ ఏ1 సంచులను ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు వేడిలో తేడా సాధారణంగా కొద్దిగానే ఉంటుంది. ‘అత్యధిక వేడి’ అన్న ప్రకటనకు అంతకంటే విలువ ఇవ్వనక్కర్లేదు. వేడిని నిజంగా తగ్గించేది తేమ. సంచిలో పది శాతం తేమ ఉంటే 15 కిలోల్లో కిలోన్నర నీళ్లకు డబ్బులిస్తున్నట్టు, ఆ నీళ్లను ఆవిరి చేయడానికి మళ్లీ కొంత వేడి ఖర్చు. యూరప్‌లో పది శాతమే గరిష్ఠం. అమెరికా ప్రీమియంకు ఎనిమిదే.

బియ్యం బస్తా కొనేటప్పుడు తెలుగువాళ్లు చేసే మొదటి పని గుప్పెట్లోకి తీసుకుని నూక ఎంతుందో చూడటం. పెల్లెట్లలోనూ నూక ఉంటుంది. రవాణాలో, ఎత్తిదించడంలో ఒరుసుకుని విరిగి పొడైపోయిన భాగం అది. 3.15 మిల్లీమీటర్ల కంతలున్న జల్లెడలోంచి రాలిపోయేదంతా పొడి కింద లెక్క. సంచిలో అది అర శాతం మించకూడదు, అంటే 15 కిలోల సంచికి 75 గ్రాములు. పొడి ఎక్కువైతే తొట్టి అడుగున పేరుకుని ఆగర్‌ను ఇరికించేస్తుంది. గిన్నెలో పడ్డది భగ్గున మండి, కొంత కాలకుండానే పొగగొట్టంలోకి ఎగిరిపోతుంది. పెల్లెట్లు గట్టిగా ఉన్నాయా అని చూడటానికి ప్రయోగశాలలో వాటిని పెట్టెలో వేసి గిరగిరా తిప్పుతారు. తిప్పాక 98 శాతం విరగకుండా మిగిలితేనే ఎన్‌ప్లస్ ఏ1.

ఇంట్లో ఇంత హంగామా అక్కర్లేదు. దుకాణంలో పారదర్శకంగా ఉన్న సంచి అడుగు మూలలు చూడాలి. పొట్టు అక్కడే చేరుతుంది. ఒక సంచి కొని ఇంటికి తెచ్చి, వార్తాపత్రిక పరిచి, బియ్యం నూక తీసే జల్లెడ పెట్టి జల్లించాలి. కిందపడ్డదాన్ని వంటింటి త్రాసు మీద తూస్తే సంగతి తేలిపోతుంది. తర్వాత గుప్పెడు పెల్లెట్లు చేతిలో పోసుకుని ఆడిస్తే గలగలమనాలి, మొద్దుగా చప్పుడవకూడదు. పైపొర నునుపుగా, కాస్త మెరుపుతో ఉండాలి, నిలువునా పగుళ్లు ఉండకూడదు. రెండు మూడు అంగుళాల పొడవున్నవి కనబడితే అవి ఆగర్‌లో అడ్డంపడతాయని గుర్తు. వాసన పట్టి చూస్తే కొత్త చెక్క వాసన రావాలి. రంగు డబ్బా వాసనో, జిగురు వాసనో వస్తే ఆ సంచిని తిరిగిచ్చేయడమే.

గ్లాసు నీళ్ల పరీక్ష కూడా ఒకటుంది. నాలుగు పెల్లెట్లు నీళ్లలో వేస్తే అవి టక్కున మునగాలి. తేలితే వత్తిడి చాలలేదని అర్థం. కొన్ని నిమిషాల్లో అవి ఉబ్బి, విచ్చుకుని, మళ్లీ పొట్టుగా మారి గ్లాసంతా పరుచుకుంటాయి. నీళ్లకు కరగని జిగురేదీ కలపలేదనడానికి అదొక సూచన. కానీ ఈ పరీక్ష మీద అతిగా ఆధారపడకూడదు. మునిగినవన్నీ మంచివి కావు, ఊకతో చేసినవీ మునుగుతాయి. ఈ పరీక్ష ఇంకో పాఠం మాత్రం గట్టిగా చెబుతుంది, నీటిచుక్క తగిలితే పెల్లెట్ పని అయిపోతుందని. వాకిట్లో వానకు తడిసేలా పెట్టిన పెల్లెట్ సంచులు కొనకూడదు. ఇంట్లో సిమెంటు నేల మీద నేరుగా పెట్టకూడదు, చెక్క చట్రం మీద, గోడకు కాస్త ఎడంగా పేర్చాలి. సంచికి పిన్ను కంత పడినా తేమ లోపలికి పోతుంది.

ఇంతకీ ప్రయోగశాల అంకెలు కొనేవాళ్లకు ఎలా తెలుస్తాయి? సంచి మీది ముద్ర ద్వారానే. ఎన్‌ప్లస్ ముద్ర అంటే ఉత్త బొమ్మ కాదు. దాని పక్కన దేశాన్ని సూచించే రెండు అక్షరాలు, ఒక నంబరు ఉంటాయి. ఆ నంబరు ఏ తయారీదారుదో, ఏ వ్యాపారిదో ఎన్‌ప్లస్ జాబితాలో వెతికి చూడవచ్చు. నంబరు లేని ముద్ర దొంగ ముద్ర. నంబరు ఉన్నా సంచి మీది పేరుకూ జాబితాలోని పేరుకూ పొంతన లేకపోతే అదీ దొంగదే. ఇలా ముద్ర దొంగిలించిన సంస్థల పేర్లను ఎన్‌ప్లస్ నిర్వాహకులు ప్రకటిస్తూనే ఉంటారు. జర్మనీలో పుట్టిన డిన్‌ప్లస్ కూడా ఇలాంటిదే, ఇంకా పాతది. అమెరికాలో ‘ప్రీమియం’ అన్న మాటను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. పక్కన పెల్లెట్ ఫ్యూయెల్స్ ఇన్‌స్టిట్యూట్ ముద్ర ఉంటేనే దానికి విలువ. కెనడా పెల్లెట్లకు కాన్‌ప్లస్ అని వస్తుంది.

ముద్ర మీద ఇంత పట్టుదల ఎందుకో 2022 చూసినవాళ్లకు తెలుసు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరోపియన్ యూనియన్ ఏప్రిల్‌లో రష్యా కలపను నిషేధించింది. రష్యా, బెలారస్ పెల్లెట్లకు ఎన్‌ప్లస్ ముద్ర కూడా ఆగిపోయింది. అవసరంలో ఎక్కువ భాగం దిగుమతి చేసుకునే ఇటలీలో అయిదు యూరోల దగ్గరుండే సంచి ధర చూస్తుండగానే రెట్టింపు దాటింది. ప్రభుత్వం 2023కి పెల్లెట్ల మీద పన్నును 22 శాతం నుంచి 10 శాతానికి తగ్గించాల్సి వచ్చింది. కరువులో అమ్మకాలెలా ఉంటాయో చెప్పేదేముంది. సగం ధరకే పెల్లెట్లంటూ దొంగ వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయి. డబ్బు కట్టినవాళ్లకు సంచీ రాలేదు, సొమ్మూ రాలేదు. ఊరూ పేరూ లేని సంచులు మార్కెట్లోకొచ్చాయి.

దానికి చాలా ముందు, 2009 జూన్‌లో, ఇటలీనే ఇంకో విచిత్రమైన భయం పట్టుకుంది. లిథువేనియా నుంచి వచ్చిన పెల్లెట్లలో సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడింది. ఆల్ప్స్ పర్వతాల ఒడిలోని ఆవోస్తా న్యాయాధికారుల ఆదేశంతో దేశమంతటా ఆ సరుకును జప్తు చేశారు. 1986 చెర్నోబిల్ దుర్ఘటన తర్వాత తూర్పు యూరప్‌లో కొన్ని అడవుల నేలలో మిగిలిపోయిన పదార్థమిది. చెట్టు వేరు నుంచి కలపలోకి ఎక్కుతుంది. కలపలో పలచగా ఉన్నది కాల్చగానే బూడిదలో చిక్కబడుతుంది. అక్కడా సాక్ష్యం చెప్పింది బూడిదే. కలప ఎక్కడిదో సంచి మీద చదవడం ఎందుకు మంచిదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇన్ని చూసి కొన్నాక కూడా స్టవ్ మొరాయిస్తే నేరం పెల్లెట్ల మీదే వేయకూడదు. చాలాసార్లు తప్పు ఇంటివాళ్లదే ఉంటుంది. గిన్నె కంతలు తీయరు, తలుపు చుట్టూ ఉండే తాడు అరిగినా మార్చరు, పొగగొట్టం ఏడాదికోసారైనా దులపరు. మూడిళ్ల అవతల అదే పెల్లెట్లు హాయిగా మండుతుంటే, వీళ్లింట్లో మసి. అందుకని కొత్త రకం పరీక్షించే ముందు స్టవ్‌ను పూర్తిగా శుభ్రం చేయాలి. అనుభవజ్ఞులు చేసే పని ఒకటుంది. చలికాలం ముందు మూడు నాలుగు రకాలవి రెండేసి సంచులు కొంటారు. ఒక్కో రకాన్నీ ఒకే సెట్టింగు మీద కాలుస్తారు. రకం మారినప్పుడల్లా గిన్నె ఊడ్చి, బూడిద తూచి, సంచి మీదే పెన్సిలుతో రాసుకుంటారు. చిట్టెం కట్టిందా, గాజు ఎన్ని గంటలకు మసకబారింది, గది ఎంత వేడెక్కింది అని. ఆ తర్వాతే టన్నులకు ఆర్డరిస్తారు. స్టవ్ తోపాటు వచ్చిన పుస్తకంలో ఏ రకం వాడమన్నారో చూడటం కూడా ఇందులో భాగమే. అందులో లేని రకం వాడితే గ్యారంటీ పోవచ్చు.

ధర పోల్చేటప్పుడు సంచి ధర కాదు, కిలో ధర చూడాలి. 15 కిలోల సంచి, 18 కిలోల సంచి పక్కపక్కనే ఉన్నప్పుడు కళ్లు మోసపోతాయి. వేసవిలో కొన్నవాళ్లకు సాధారణంగా ధర కలిసొస్తుంది, నిల్వకు పొడి చోటు ఉంటేనే. ఆ చోటుకు గాలి ఆడాలి కూడా. కొత్త పెల్లెట్లలోని కొవ్వు పదార్థాలు గాలితో కలిసి మెల్లగా కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. 2006లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోరి రేవులో పెల్లెట్ల ఓడలో కిందికి దిగిన ఒక నావికుడు ఈ వాయువుకే ప్రాణం కోల్పోయాడు. ఇంట్లో పేర్చిన పాతిక సంచులతో అంత ముప్పు లేదు కానీ, టన్నుల కొద్దీ విడిగా పోసే మూసిన గదిలోకి తలుపు తీసి గాలాడనివ్వకుండా ఎవరూ అడుగుపెట్టకూడదు. స్టవ్ ఉన్న గదిలో ఎలాగూ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి.

బూడిద ఎత్తేటప్పుడూ జాగ్రత్త. పైకి చల్లగా తోచినా లోపల నిప్పు రోజుల తరబడి దాగి ఉంటుంది. ప్లాస్టిక్ బకెట్లో, అట్టపెట్టెలో వేయకూడదు. మూతున్న ఇనుప డబ్బాలో పోసి, ఇంటికి దూరంగా పెట్టాలి. చల్లారాక శుభ్రమైన కలప బూడిద పెరటి మొక్కలకు పనికొస్తుంది. అమ్మమ్మల కాలంలో అయితే ఇత్తడి గిన్నెలు తోమేందుకు ఒక్క చిటికెడూ పోనిచ్చేవాళ్లు కాదు.

ఒక చిన్న అలవాటు చేసుకుంటే మేలు. సంచి విప్పగానే ముద్ర, నంబరు, తయారైన తేదీ ఉన్న ముక్కను కత్తిరించి రసీదుతో కలిపి సీజను అయ్యేదాకా దాచాలి, ఓ గుప్పెడు పెల్లెట్లు కూడా సీసాలో పోసి పక్కన పెట్టాలి. రేపు చిట్టెం కట్టిందని దుకాణానికి వెళ్తే వాళ్లు ముందుగా అడిగేది ఆ నంబరే.